గడ్డకట్టిన నేలకు లెక్క కట్టిన దర్జీ కొడుకు

లద్దాఖ్ కొండల్లో నేల అడుగు ఎంత లోతున, ఎన్నేళ్లలో కరుగుతుందో చెప్పే ప్రతి కంప్యూటర్ నమూనాలోనూ 200 ఏళ్ల నాటి సమీకరణం ఒకటి పనిచేస్తోంది. దాన్ని రాసిన జోసెఫ్ ఫూరియే ఒక అనాథ, రెండుసార్లు జైలుకెళ్లిన విప్లవకారుడు, నెపోలియన్ కొలువులో జిల్లా పాలకుడు. భూమిని గాలి పొర వెచ్చగా ఉంచుతోందని మొదట వాదించిన వాళ్లలోనూ ఆయన ఒకరు.

గతౌరా (బిలాస్‌పూర్, ఛత్తీస్‌గఢ్): బిలాస్‌పూర్ నుంచి చాంపా వైపు వెళ్తుంటే వచ్చే చిన్న స్టేషన్ గతౌరా. కోర్బా గనుల బొగ్గు నింపుకొన్న గూడ్సు రైళ్లు రాత్రీ పగలూ ఈ దారిలో పోతుంటాయి. ఇదే జిల్లాలోని సీపత్‌లో 2,980 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచి ఉద్యోగాల కోసం వచ్చి ఇక్కడే స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు బిలాస్‌పూర్ చుట్టుపక్కల చాలానే ఉన్నాయి. ఎండాకాలం వస్తే రైల్వే ఇళ్లలో పట్టాల వేడి గురించి మాట రాకుండా ఉండదు. మే నెల మధ్యాహ్నం గాలి 45 డిగ్రీలకు చేరితే పట్టా అంతకంటే మరో 15, 20 డిగ్రీలు ఎక్కువ కాగుతుంది. ఉక్కు సాగి లైను వంకర తిరుగుతుందేమోనని ట్రాక్ సిబ్బంది ఆ ఎండలోనే పట్టాల వెంట నడుస్తూ కాపలా కాస్తారు.

దేశంలో మరో బిలాస్‌పూర్ ఉంది. అది హిమాచల్ ప్రదేశ్‌లో. అక్కడి నుంచి మనాలీ మీదుగా లేహ్‌కు సుమారు 489 కిలోమీటర్ల రైలు మార్గం వేయాలని భారతీయ రైల్వే సర్వే పూర్తి చేసింది. రక్షణ శాఖ దాన్ని వ్యూహాత్మక మార్గంగా గుర్తించింది. అది ఎప్పటికి పట్టాలెక్కుతుందో గానీ, ఎక్కితే అక్కడి ఇంజినీర్ల సమస్య గతౌరాలో ఉన్నదానికి పూర్తిగా తలకిందులు. ఇక్కడ భయం పైన కాగే ఉక్కు గురించి. అక్కడ భయం కింద కరిగే నేల గురించి.

ఈ రెండు భయాలకూ ప్రశ్న మాత్రం ఒకటే. వేడి ఒక వస్తువులోకి ఎలా దిగుతుంది, ఎంత లోతుకు పోతుంది, ఎంత కాలం తీసుకుంటుంది? ఈ ప్రశ్నకు లెక్కల్లో జవాబు చెప్పిన మొదటి మనిషి ఫూరియే. ఇంజినీరింగ్ చదివిన ప్రతి తెలుగు విద్యార్థీ ఆయన పేరు విన్నాడు. మన కాలేజీల్లో ఫోరియర్ సిరీస్ అంటాం. పరీక్ష అయ్యాక ఆ పేరు వెనుక మనిషిని మరిచిపోతాం.

కొవ్వొత్తి ముక్కల చదువు

1768 మార్చి 21న ఫ్రాన్స్‌లోని ఒసేర్ పట్టణంలో ఫూరియే పుట్టారు. తండ్రి దర్జీ. ఆయన రెండో పెళ్లి సంతానం పన్నెండు మందిలో తొమ్మిదోవాడు ఈ పిల్లవాడు. తొమ్మిదేళ్లకు తల్లి పోయింది. మరుసటి ఏడాది తండ్రీ పోయాడు. ఊళ్లో పెద్దల చొరవతో బెనెడిక్టిన్ సన్యాసులు నడిపే సైనిక పాఠశాలలో చేరాడు. పదమూడో ఏట లెక్కల పిచ్చి పట్టుకుంది. బడిలో కాలి మిగిలిన కొవ్వొత్తి ముక్కలను పగలు ఏరిపెట్టుకుని, రాత్రి అందరూ పడుకున్నాక ఆ వెలుగులో లెక్కలు చేసేవాడని ఆయన జీవితం రాసిన వాళ్లంతా చెబుతారు.

ఫిరంగి దళంలో అధికారి కావాలని దరఖాస్తు పెట్టుకున్నాడు. అప్పటి ఫ్రాన్స్‌లో ఆ ఉద్యోగాలు ఉన్నత వంశాల పిల్లలకే. దర్జీ కొడుకుకు ఎంత తెలివి ఉన్నా తలుపు తెరుచుకోలేదు. మిగిలిన దారి మఠం. 1787లో బెనెడిక్టిన్ మఠంలో చేరి రెండేళ్లున్నాడు. 1789లో విప్లవం రాగానే, సన్యాస దీక్ష తీసుకోకుండానే బయటికొచ్చి, చదివిన బడిలోనే పాఠాలు చెప్పడం మొదలుపెట్టాడు.

పుట్టుకను బట్టి ఉద్యోగం నిరాకరించిన వ్యవస్థ కూలిపోతుంటే ఆ కుర్రవాడు ఎటు నిలబడతాడో ఊహించడం కష్టం కాదు. 1793లో ఒసేర్ విప్లవ సంఘంలో చేరాడు. అయితే విప్లవం తన వాళ్లనే తినడం మొదలుపెట్టింది. ఓర్లేయాన్‌లో ముఠా తగాదాల మధ్య అన్యాయానికి గురవుతున్న వాళ్ల పక్షాన మాట్లాడినందుకు పైవాళ్ల ఆగ్రహానికి గురయ్యాడు. 1794లో అరెస్టు చేశారు. అప్పట్లో అరెస్టుకు గిలటిన్ ఎంతో దూరంలో ఉండేది కాదు. ఆ జులైలో రోబెస్పియర్ తలే తెగడంతో ఫూరియే బతికి బయటపడ్డాడు. మరుసటి ఏడాది, ఈసారి రోబెస్పియర్ మనిషన్న అనుమానంతో, మళ్లీ జైల్లో వేసి వదిలేశారు.

ఈ రెండు జైళ్ల నడుమే ఆయన జీవితం మలుపు తిరిగింది. కొత్త ప్రభుత్వం ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వడానికి పారిస్‌లో పెట్టిన ఎకోల్ నార్మాల్‌కు ఎంపికయ్యాడు. అక్కడ పాఠాలు చెప్పింది లగ్రాంజ్, లాప్లాస్, మోంజ్. ఆనాటి గణితంలో అంతకంటే పెద్ద పేర్లు లేవు. 1797లో ఎకోల్ పాలిటెక్నిక్‌లో లగ్రాంజ్ ఖాళీ చేసిన ఆచార్య పీఠం 29 ఏళ్ల ఫూరియేకు దక్కింది.

ఈజిప్టు నుంచి ఆల్ప్స్ పాదాలకు

మరుసటి ఏడాదే నెపోలియన్ ఈజిప్టు దండయాత్రకు బయల్దేరాడు. సైన్యంతో పాటు పండితుల బృందాన్నీ ఓడ ఎక్కించాడు. అందులో ఫూరియే ఉన్నారు. కైరోలో పెట్టిన ఈజిప్టు విద్వత్ సంస్థకు కార్యదర్శిగా పనిచేసి, 1801లో తిరిగొచ్చారు. పాలిటెక్నిక్‌లో మళ్లీ పాఠాలు చెప్పుకోవాలని ఆయన కోరిక. నెపోలియన్ ఆలోచన వేరు. ఈజిప్టులో ఈ లెక్కల మాస్టారు పరిపాలన ఎంత నేర్పుగా నడిపాడో చూశాడు. 1802లో ఆయన్ను ఇజేర్ జిల్లాకు ప్రిఫెక్ట్‌గా, అంటే మన కలెక్టరు లాంటి పదవిలో, గ్రెనోబుల్‌కు పంపాడు. ఆల్ప్స్ పర్వతాల మధ్యనున్న ఊరది.

ఇక్కడొక సంగతి గుర్తుంచుకోవాలి. ఆధునిక భౌతికశాస్త్రపు మూలస్తంభాల్లో ఒకటైన ఉష్ణ సిద్ధాంతం విశ్వవిద్యాలయంలో పుట్టలేదు. ఫైళ్ల మధ్య, తగాదాల మధ్య, కొండల నీడలో ఉన్న ఒక కలెక్టరు కచేరీలో పుట్టింది. పగలు పన్నులు, రోడ్లు, సైన్యానికి మనుషుల ఎంపిక. బూర్గ్వాన్ చుట్టూ ఉన్న చిత్తడి నేలలు తరతరాలుగా జ్వరాలకు నిలయాలు. వాటిని ఎండగట్టడానికి పదుల సంఖ్యలో గ్రామాల్ని ఒప్పించాలి. ఒక్కో ఊరిదీ ఒక్కో హక్కు, ఒక్కో పేచీ. ఫూరియే ఓపిగ్గా అందరితో మాట్లాడి ఒప్పందం కుదిర్చారు. గ్రెనోబుల్ నుంచి ఇటలీలోని టూరిన్‌కు ఆల్ప్స్ మీదుగా రోడ్డు పని మొదలైందీ ఆయన హయాంలోనే. ఈజిప్టు పరిశోధనల మహా గ్రంథానికి ముందుమాట రాసే బాధ్యత కూడా ఆయనదే. అదే ఊళ్లో చదువుకుంటున్న షాంపోలియన్ అనే కుర్రవాడికి ఈజిప్టు మీద ఆసక్తి పెరగడంలోనూ ఆయన పాత్ర ఉంది. ఆ కుర్రవాడే తర్వాత ఈజిప్టు చిత్రలిపిని చదివాడు.

ఇవన్నీ చేస్తూనే 1804 ప్రాంతం నుంచి వేడి మీద పని మొదలుపెట్టారు. ఇనుప ఉంగరానికి అక్కడక్కడా రంధ్రాలు చేసి థర్మామీటర్లు గుచ్చేవారు. ఒక వైపు కాల్చి, వేడి చుట్టూ ఎలా పాకుతుందో నిమిషాల వారీగా రాసుకునేవారు.

ఇరుగుపొరుగు సూత్రం

అప్పటికి వేడి అంటే ఏమిటన్న దాని మీద పెద్ద వాదన నడుస్తోంది. కంటికి కనపడని ద్రవమని కొందరు, అణువుల కదలికని మరికొందరు. ఫూరియే ఆ గొడవలోకి దిగలేదు. వేడి ఏదైతేనేం, అది ఎలా నడుస్తుందో లెక్క కడితే చాలనుకున్నారు.

ఆయన సమీకరణం సారం మామూలు మాటల్లో ఇదీ. ఒక కడ్డీని చిన్న చిన్న ముక్కలుగా ఊహించుకోండి. ఏ ముక్క వేడి ఎంత వేగంగా మారుతుందన్నది, దానికీ దాని ఇరుగుపొరుగు ముక్కల సగటుకీ ఉన్న తేడా మీద ఆధారపడుతుంది. పొరుగువాళ్లు వెచ్చగా ఉంటే నువ్వూ వేడెక్కుతావు, చల్లగా ఉంటే చల్లబడతావు. తేడా ఎంత ఎక్కువైతే మార్పు అంత జోరు. తేడా లేకపోతే మార్పూ లేదు. ఈ ఒక్క సూత్రం ఇనుప పట్టాకూ, ఇటుక గోడకూ, హిమాలయ శిలకూ వర్తిస్తుంది. పదార్థాన్ని బట్టి మారేది వేడి నడిచే వేగం మాత్రమే.

సమీకరణం రాయడం సగం పని. దాన్ని సాధించడానికి ఆయన చేసిన రెండో పని పెద్ద దుమారం రేపింది. ఎంత గజిబిజి ఆకారాన్నైనా నున్నటి అలల మొత్తంగా రాయొచ్చన్నారు. ఒక్కో అలను విడిగా సాధించి, చివర్లో కలిపేస్తే జవాబు వచ్చేస్తుంది. 1807 డిసెంబరు 21న ఈ సిద్ధాంతాన్ని పారిస్‌లోని విద్వత్ సభ ముందుంచారు. పరిశీలకుల్లో ఆయన గురువులే ఉన్నారు. లగ్రాంజ్ ఒప్పుకోలేదు. నున్నటి అలలు కలిపితే మూలలున్న ఆకారం ఎలా వస్తుందన్నది ఆయన అభ్యంతరం. 1811లో సభ ఇదే అంశం మీద పోటీ పెట్టింది. ఫూరియే తన వ్యాసాన్ని పెంచి పంపారు. బహుమతి ఇచ్చారు కానీ, నిరూపణలో కట్టుదిట్టం లేదని నివేదికలో ఓ మచ్చ పెట్టారు. వ్యాసాన్ని అచ్చు వేయలేదు.

న్యాయంగా చెప్పాలంటే లగ్రాంజ్ అభ్యంతరం పూర్తిగా తప్పు కాదు. ఏ పరిస్థితుల్లో ఆ అలల మొత్తం సరైన విలువకు చేరుతుందో ఫూరియే గట్టిగా నిరూపించలేదు. ఆ పని 1829లో డిరిక్లే చేశారు. ఫూరియేది ఇంజినీరు చూపు. లెక్క, థర్మామీటరు ఒకే మాట చెబుతున్నాయి, కాబట్టి దారి సరైనదే అన్నది ఆయన ధీమా.

బావి నీళ్ల రహస్యం

మన ఊళ్లలో బావి నీళ్లు ఎండాకాలం చల్లగా, చలికాలం గోరువెచ్చగా ఉంటాయని ప్రతి పల్లెటూరి మనిషికీ తెలుసు. నీళ్లు పెద్దగా మారవు, మారేది పైన గాలి. ఎంత లోతుకు వెళ్తే ఎంత మారకుండా ఉంటుందో లెక్క కట్టింది ఫూరియే.

నేల ఉపరితలం పగలు వేడెక్కి రాత్రి చల్లబడుతుంది. వేసవిలో వేడెక్కి చలికాలంలో చల్లబడుతుంది. ఇవి రెండు అలలు. ఒకటి రోజుది, ఒకటి ఏడాదిది. రెండూ కిందికి దిగుతూ నీరసిస్తాయి, ఆలస్యమవుతాయి. ఫూరియే లెక్క ప్రకారం ఏడాది అల రోజు అల కంటే సుమారు 19 రెట్లు లోతుకు దిగుతుంది. ఆ 19 ఎక్కడిదంటే 365కు వర్గమూలం. మామూలు రాతి నేలలో రోజు అల ఒక జానెడు లోతుకు వెళ్లేసరికి మూడో వంతుకు పడిపోతుంది. ఏడాది అల అంతగా తగ్గడానికి మూడు మీటర్లు పడుతుంది. అక్కడ వేసవి రెండు నెలలు ఆలస్యంగా వస్తుంది. పది మీటర్ల లోతున ఆలస్యం ఆరు నెలలు. అంటే పైన చలికాలం నడుస్తుంటే కింద వేసవి. అయితే అక్కడికి చేరేసరికి అల బలం నూటికి నాలుగైదు వంతులే మిగులుతుంది. పారిస్ వేధశాల కింద 28 మీటర్ల లోతు నేలమాళిగలో థర్మామీటరు ఏడాది పొడవునా దాదాపు ఒకే అంకె చూపిస్తుండడానికి కారణం ఇదే. ఆ అంకెలు ఫూరియేకు బాగా తెలుసు.

పర్వతాల మీద గడ్డకట్టిన నేల గురించి ఈనాటి శాస్త్రజ్ఞులు వాడే బొమ్మ సరిగ్గా ఇదే. వరసగా రెండేళ్లైనా సున్నా డిగ్రీలకు మించని నేలను పర్మాఫ్రాస్ట్ అంటారు. దాని పైపొర వేసవిలో కరిగి చలికాలంలో మళ్లీ గడ్డకడుతుంది. ఆ పొర ఎంత మందమో, ఏటేటా ఎంత పెరుగుతోందో చెప్పాలంటే ఫూరియే అలలు దిగే లోతును లెక్క కట్టాలి.

ఇంకో చిక్కు ఉంది. వేడి కిందికి దిగే వేగం దూరంతో సమానంగా సాగదు. లోతు రెట్టింపైతే కాలం నాలుగింతలవుతుంది. ఉపరితలం మీద వచ్చిన మార్పు 10 మీటర్లకు చేరడానికి స్థూలంగా మూడేళ్లు. 30 మీటర్లకు దాదాపు మూడు దశాబ్దాలు. 100 మీటర్లకు మూడు శతాబ్దాలు. మంచు కరగాల్సి ఉంటే ఇంకా ఆలస్యం. అంటే ఇప్పుడు 30 మీటర్ల లోతున కనిపిస్తున్న వేడి 1990ల నాటి గాలి పంపించింది. ఇవాళ్టి గాలి పంపిన వేడి ఇంకా దారిలోనే ఉంది. రేపు మనం గాలిని ఎక్కడికక్కడ ఆపగలిగినా ఆ వేడి ప్రయాణం ఆగదు.

గాలి దుప్పటి

1815లో నెపోలియన్ ఎల్బా నుంచి తప్పించుకుని గ్రెనోబుల్ మీదుగానే పారిస్‌కు బయల్దేరాడు. రాజుకు విధేయుడిగా ఉండాలా, పాత యజమానిని కలవాలా? ఫూరియే ఊరు వదిలి వెళ్లారు. కానీ దారిలో దొరికిపోయారు. నెపోలియన్ కోప్పడి, వెంటనే కౌంట్ బిరుదిచ్చి లియాన్ ప్రాంతానికి ప్రిఫెక్ట్‌ను చేశాడు. కొన్ని వారాల్లోనే ఆ పదవీ పోయింది, ఆ నెపోలియనూ పోయాడు. 47 ఏళ్ల వయసులో ఫూరియే చేతిలో ఉద్యోగం లేదు, పింఛను లేదు. ఒకప్పటి శిష్యుడు షాబ్రోల్ అప్పుడు పారిస్ ప్రాంతానికి పాలకుడు. గురువుగారికి గణాంకాల కార్యాలయంలో పని ఇప్పించాడు. 1816లో సైన్స్ అకాడమీ ఆయన్ను సభ్యుడిగా ఎన్నుకుంటే, నెపోలియన్ మనిషని 18వ లూయీ రాజు తిరస్కరించాడు. మరుసటి ఏడాది మళ్లీ ఎన్నుకున్నారు. ఈసారి ఆపలేదు.

1822లో ఉష్ణ సిద్ధాంతం మీద ఆయన పుస్తకం వెలువడింది. అదే ఏడాది అకాడమీకి శాశ్వత కార్యదర్శి అయ్యారు. పదేళ్లకు పైగా అటక మీద పడేసిన తన బహుమతి వ్యాసాన్ని అకాడమీ సంపుటాల్లో ఉన్నది ఉన్నట్టుగా అచ్చు వేయించారు. గణితంలో ప్రతిభ చూపుతున్నా ఆడపిల్లన్న కారణంగా బయటే ఉండిపోయిన సోఫీ జెర్మాన్‌కు అకాడమీ సమావేశాల్లో కూర్చునే వీలు కల్పించిందీ ఆయనే. పుట్టుక కారణంగా మూసిన తలుపు ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు.

1824లో ఆయన మరో పెద్ద ప్రశ్న వేసుకున్నారు. భూమి ఇంత వెచ్చగా ఎందుకుంది? భూగర్భంలోని వేడి పైకి వస్తోందా? తన సమీకరణంతోనే లెక్క కట్టి, ఉపరితలం మీద దాని వాటా డిగ్రీలో చాలా చిన్న భిన్నమని తేల్చారు. మిగిలింది సూర్యుడు, గాలి. అద్దాలు బిగించిన నల్లటి పెట్టెను ఎండలో పెట్టి స్విట్జర్లాండ్ శాస్త్రజ్ఞుడు సోస్యూర్ చేసిన ప్రయోగాన్ని గుర్తు చేస్తూ, సూర్యుడి వెలుగు గాలిని దాటి తేలిగ్గా లోపలికి వస్తుందనీ, నేల నుంచి తిరిగి వెళ్లే కనపడని వేడికి మాత్రం ఆ గాలే అడ్డుపడుతుందనీ వివరించారు. మానవ సమాజాల ఎదుగుదల కూడా నేల రూపాన్ని, గాలుల తీరును మార్చి, శతాబ్దాల కాలంలో సగటు వేడిని మార్చగలదని అదే వ్యాసంలో రాశారు.

ఆయనకు అన్నీ తెలిశాయని కాదు. గాలిలో ఏ వాయువు ఆ అడ్డు వేస్తోందో ఆయనకు తెలియదు. అంతరిక్షం ఉన్నదానికంటే చాలా వెచ్చగా ఉంటుందని పొరపాటు పడ్డారు. బొగ్గు పొగ గురించి ఆయన మాట్లాడలేదు. ఆ ముక్కలు తర్వాత ఒక్కొక్కటే కుదిరాయి. 1856లో అమెరికాలో యూనిస్ ఫుట్, 1859 నుంచి లండన్‌లో టిండాల్ వాయువుల పాత్రను ప్రయోగాల్లో చూపారు. 1896లో స్వీడన్‌కు చెందిన అర్హీనియస్ కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే ఎంత వేడి పెరుగుతుందో లెక్కలు వేశారు.

ఒకే మనిషి రెండు పనులు చేశారన్నది ఇక్కడ విశేషం. వేడి నేలలోకి ఎలా దిగుతుందో చెప్పిందీ ఆయనే. ఆ వేడిని గాలి ఎందుకు పట్టి ఉంచుతుందో మొదట వాదించిందీ ఆయనే. హిమాలయ నేల కరుగుదలను లెక్కించే నమూనాకు కావలసిన పై హద్దూ, లోపలి నియమమూ రెండూ ఆయన బల్ల మీదే మొదలయ్యాయి.

లద్దాఖ్‌లో ఆ సమీకరణం

ప్రపంచంలో ఎత్తైన ప్రాంతాల పర్మాఫ్రాస్ట్‌లో అతి పెద్దది టిబెట్ పీఠభూమిది. విస్తీర్ణం సుమారు 10 లక్షల చదరపు కిలోమీటర్లు. 2006 జులై నుంచి లాసా దాకా నడుస్తున్న చైనా రైలు మార్గంలో సుమారు 550 కిలోమీటర్లు ఆ గడ్డకట్టిన నేల మీదే ఉంది. గతౌరాలో పట్టాల కింద కంకర బరువు మోయడానికి, వాన నీరు పోవడానికి. అక్కడ కట్ట కింద పెద్ద రాళ్లు పేర్చింది నేలను చల్లబరచడానికి. చలికాలంలో చల్లగాలి రాళ్ల సందుల్లోకి దిగి లోపలి వేడిని తోడేస్తుంది. వేసవిలో అదే గాలి కదలకుండా నిలిచి ఎండను అడ్డుకుంటుంది. చాలా చోట్ల కట్ట పక్కన అమ్మోనియా నింపిన గొట్టాలు పాతారు. మరికొన్ని చోట్ల నేలను తాకకుండా వంతెనలు కట్టారు. వీటిలో ఏది ఎక్కడ పనికొస్తుందో తేల్చింది ఫూరియే సమీకరణం ఆధారంగా నడిచే లెక్కలే.

నమూనా పని సూత్రం తేలికే. నేలను పొరలు పొరలుగా కోస్తారు. ప్రతి పొరకూ ఇరుగుపొరుగు సూత్రం వర్తింపజేసి, గంట గంటకూ లెక్క ముందుకు నడుపుతారు. ఫూరియే లెక్కకు ఒక ముఖ్యమైన చేర్పు ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు యోసెఫ్ స్టెఫాన్ నుంచి వచ్చింది. 1889 ప్రాంతంలో ధ్రువ సముద్రాల మంచు మందాన్ని లెక్కిస్తూ, గడ్డకట్టే చోట, కరిగే చోట వేడి ఎలా ఖర్చవుతుందో ఆయన చూపారు. కిలో మంచు కరగడానికి పట్టే వేడితో అదే నీటిని సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాచవచ్చు. అందుకే మంచు నిండిన నేల సున్నా దగ్గరకొచ్చి ఏళ్ల తరబడి అక్కడే ఆగినట్టు కనిపిస్తుంది. థర్మామీటరు మారడం లేదు కదా అని ధైర్యపడితే పొరపాటే. లోపల బలం తరిగిపోతూనే ఉంటుంది.

కష్టమంతా కొండల్లో ఉంది. ఒకే ఎత్తులో ఎండ తగిలే దక్షిణ వాలు కరుగుతుంది, నీడలోని ఉత్తర వాలు గడ్డకట్టి ఉంటుంది. పైన పడే మంచు దుప్పటి లాంటిది. చలికాలం మొదట్లోనే మందంగా పడితే నేల వెచ్చగా ఉండిపోతుంది, ఆలస్యంగా పడితే చలి లోతుకు దిగుతుంది. వాతావరణ కేంద్రాలేమో లోయల్లో ఉంటాయి, గడ్డకట్టిన నేల శిఖరాల దగ్గర ఉంటుంది. లేహ్‌కు పైన, ఖర్దుంగ్ లా దారిలోని సౌత్ పుల్లు వద్ద 4,727 మీటర్ల ఎత్తులో రూర్కీలోని జాతీయ జలశాస్త్ర సంస్థ పరిశోధకులు, ఇతరులతో కలిసి నేల మీద పడే, నేల నుంచి పోయే వేడిని కొలిచి, జియోటాప్ అనే నమూనాతో పోల్చి చూశారు. భారత హిమాలయాల్లో ఇలాంటి చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మాత్రమే. లోతుగా బోరు వేసి ఏళ్ల తరబడి నేల ఉష్ణోగ్రత నమోదు చేసే ఏర్పాటు మరీ అరుదు.

ఇది పండితుల బెంగ మాత్రమే కాదు. 2023 అక్టోబరు 3 రాత్రి సిక్కింలో దక్షిణ ల్హొనాక్ సరస్సు పక్కనున్న గడ్డకట్టిన మట్టీ రాళ్ల గట్టు విరిగి నీళ్లలో పడింది. పడింది 1.47 కోట్ల ఘనపు మీటర్లని తర్వాత పరిశోధకులు అంచనా వేశారు. లేచిన అలకు సరస్సు గట్టు తెగింది. తీస్తా లోయలో 1,200 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం ఆనకట్ట కొట్టుకుపోయింది. పదుల మంది చనిపోయారు. ఆ గట్టును కట్టి ఉంచిన మంచు బలహీనపడడాన్ని కారణాల్లో ఒకటిగా చెప్పారు. 2019లో అంతర్జాతీయ వాతావరణ మార్పుల సంఘం ఇచ్చిన నివేదిక ప్రకారం 2007 నుంచి 2016 మధ్య ధ్రువ, పర్వత ప్రాంతాల పర్మాఫ్రాస్ట్ సగటున 0.29 డిగ్రీలు వేడెక్కింది. అంకె చిన్నదిగా కనిపించొచ్చు. నేల సున్నాకు అర డిగ్రీ కింద ఉన్న చోట అది చిన్నది కాదు.

అంకెలు కావాలి

ఫూరియే చివరి ఏళ్లు విచిత్రంగా గడిచాయి. ఈజిప్టు నుంచి వచ్చాక ఆయనకు చలంటే భయం పట్టుకుందంటారు. పారిస్‌లో ఎండాకాలంలో కూడా గదిని కాచి, మందపాటి బట్టలు కప్పుకుని కూర్చునేవారని తోటివాళ్లు రాసిపెట్టారు. పెళ్లి చేసుకోలేదు. 1830 మే 16న, 62 ఏళ్ల వయసులో, పారిస్‌లో కన్నుమూశారు. ఒసేర్‌లో 1849లో నిలిపిన ఆయన కంచు విగ్రహాన్ని రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ ఆక్రమణ కాలాన కరిగించేశారు. ఈఫిల్ టవర్ మీద చెక్కిన 72 మంది పేర్లలో ఆయనది ఇప్పటికీ ఉంది. ఆయన పాలించిన గ్రెనోబుల్ మంచు, హిమానీనదాల పరిశోధనకు ప్రపంచంలోని పెద్ద కేంద్రాల్లో ఒకటైంది.

మన ఫోన్లో పాట, ఆస్పత్రిలో ఎంఆర్ఐ బొమ్మ ఆయన అలల మీదే నడుస్తున్నాయని తరచూ చెప్పుకుంటాం. నిజమే. కానీ ఆయన్ను మొదట వేధించింది నేల, గాలి, వేడి. ఆ ప్రశ్న దగ్గరికి మనం మళ్లీ వచ్చాం, ఈసారి మనకు ఒకటే కొరత. ఫూరియే దగ్గర సమీకరణం లేదు, పారిస్ నేలమాళిగలో థర్మామీటరు ఉంది. మన దగ్గర సమీకరణం ఉంది, నేలలో థర్మామీటర్లు లేవు. ఏ నమూనా అయినా రెండు సంగతులు తెలియనిదే కదలదు. ఇప్పుడు లోపల ఎంత ఉంది, పైన ఏం జరుగుతోంది. మొదటిది కొలిచి తీరాలి. ఊహించి రాసుకుంటే కంప్యూటరు ఎంత పెద్దదైనా జవాబు ఊహే అవుతుంది.

రైలు కట్టకు, సొరంగానికి, సైనిక శిబిరానికి, ఆనకట్టకు వేల కోట్లు కేటాయించే దేశానికి కొండల మీద కొన్ని పదుల బోర్లు, వాటిలో కొన్ని తీగలు పెద్ద ఖర్చు కావు. వాటికి కావలసింది డబ్బు కంటే ఓపిక. బోరు వేసిన మర్నాడు అది ఏమీ చెప్పదు. పదేళ్లు, ఇరవై ఏళ్లు ఆగి చదవాలి. రైలు మార్గం గీత గీసిన తర్వాత కొలవడం మొదలుపెడితే అప్పటికే ఆలస్యం.

గతౌరా మీదుగా ఈ రాత్రి కూడా బొగ్గు రైళ్లు పోతాయి. ఆ బొగ్గు కాలిన వేడి తెల్లారేసరికి ఆరిపోతుంది. అది గాలిలో వదిలిన వాయువు ఆరదు. ఆ వాయువు పట్టి ఉంచే వేడి రెండో బిలాస్‌పూర్‌కు ఆవల, కొండ రాతిలోకి మెల్లగా దిగుతుంది. మూడేళ్లకు పది మీటర్లు, ముప్పై ఏళ్లకు ముప్పై మీటర్లు. ఆ వేగం దర్జీ కొడుకు ఎప్పుడో చెప్పేశాడు. అది ఇప్పటికి ఎక్కడిదాకా వచ్చిందో కొలిచి చూసుకోవడం మన వంతు.